తెగిన చోట తల: నల్లగొండలో హైడ్రా ప్రాజెక్టు డైరీ

జెల్లీఫిష్ పోయిన భాగాన్ని ఎలా తిరిగి తెచ్చుకుంటుందో చూడాలంటే ముందు జెల్లీఫిష్ ఉండాలి. ఉప్పునీటి తొట్టి, నీళ్లను చల్లబరిచే చిల్లర్, ఎప్పటికప్పుడు మార్చే సముద్రపు నీరు, ఇవేవీ నల్లగొండలో ఒక డిగ్రీ కాలేజీ జువాలజీ ల్యాబుకు అయ్యే పని కాదు. కృష్ణ ఎగువన సతారా వైపు ఉపనదుల్లో లిమ్నోక్నిడా ఇండికా అనే మంచినీటి జెల్లీఫిష్ ఉందని వందేళ్ల కిందటే నమోదైంది. కానీ అలాంటివి ఒక ఏడాది గుంపులుగా తేలి మరో ఏడాది జాడే ఉండవు. వాటిని నమ్ముకుని ప్రాజెక్టు మొదలుపెట్టలేం.

కాబట్టి హైడ్రా, చెరువుల్లో మొక్కలకు అతుక్కుని బతికే చిన్న మంచినీటి జీవి. జెల్లీఫిష్, పగడాలు, హైడ్రా అన్నీ నిడేరియా వర్గమే. ఒంటికి రెండే కణపొరలు, వాటి మధ్య మీసోగ్లియా అనే జిగురు పొర, నోటి చుట్టూ చేతుల్లా సాగే స్పర్శకాల నిండా కుట్టే కణాలు. గొడుగులా ఈదే దశ ఒక్కటే హైడ్రాకు లేదు. మన చెరువుల్లో దొరుకుతుంది, గాజు గిన్నెలో బతుకుతుంది, కోస్తే మూడు రోజుల్లో జవాబు చెప్తుంది.

ప్రాజెక్టు ప్రశ్న: తల తెగిన హైడ్రా కొత్త తలకు కొత్త సరుకు పుట్టిస్తుందా, మిగిలిన ఒంటినే మలుచుకుంటుందా? జెల్లీఫిష్‌లలో ఈ రెండు దారులూ ఉన్నాయి కాబట్టి హైడ్రా ఎటువైపో తేల్చుకోవడం అవసరం.

నవంబరు మొదటి వారం: నీళ్లు

ఈ ప్రాజెక్టు చెడిపోతే నూటికి తొంభై పాళ్లు నీళ్ల దగ్గరే చెడిపోతుంది, బ్లేడు దగ్గర కాదు. ఇక్కడ చేతికందే నీళ్లు మూడు రకాలు, మూడూ నేరుగా పనికిరావు.

బోరు నీరు: ఫ్లోరైడు సంగతి ఈ జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. దానికి తోడు లవణాలు ఎక్కువ, పైగా ఒక బోరుకూ ఇంకో బోరుకూ పోలిక ఉండదు. పక్క ల్యాబులో చేసినవాళ్ల ఫలితంతో మన ఫలితం కలవదు. నల్లా నీరు: క్లోరిన్ ఉంటుంది. వెడల్పాటి టబ్బులో ఒక రాత్రీ పగలూ తెరిచి పెడితే చాలావరకు పోతుంది, కానీ పైపుల్లో, కుళాయి ఫిట్టింగుల్లో ఉన్న ఇత్తడి నుంచి దిగే రాగి పోదు. నల్లగొండ టెక్నిక్‌తో ఫ్లోరైడు తీసిన నీరు: పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వేసి తేర్చిన నీళ్లు అవి. మనిషికి చేసిన ఏర్పాటు. అల్యూమినియం, క్లోరిన్ కొంత మిగిలి ఉంటాయి కాబట్టి హైడ్రాకు వద్దు.

రాగి విషయం ప్రత్యేకంగా రాసుకోవాలి. 1950లలో డబ్ల్యూ. ఎఫ్. లూమిస్ అనే అమెరికా పరిశోధకుడు ల్యాబులో హైడ్రాలు పెంచే పద్ధతి కుదుర్చుకుంటున్నప్పుడు, నల్లా నీటిలోని రాగే వాటిని చంపుతోందని తేలింది. లోహాలను పట్టేసే ఇ.డి.టి.ఎ. కలిపాక అవి బతికాయి. పాత డిస్టిలేషన్ యూనిట్లలో లోపల రాగి చుట్ట ఉంటే ఆ డిస్టిల్డ్ వాటర్ కూడా విషమే. గాజు యూనిట్‌లో తీసిన నీళ్లే వాడాలి.

ఆ నీళ్లకు మనమే లవణాలు కలుపుకోవాలి. మిల్లీగ్రాములు తూచే త్రాసు లేదు కాబట్టి ముందు చిక్కటి స్టాకులు, ఒక్కోటి 100 మి.లీ. చొప్పున:

కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 14.7 గ్రా.
మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 2.03 గ్రా.
పొటాషియం క్లోరైడ్ 0.75 గ్రా.
సోడియం బైకార్బొనేట్ 4.2 గ్రా.

లీటరు నీటికి మొదటి మూడు ఒక్కో మి.లీ., బైకార్బొనేట్ 2 మి.లీ. మొదటి మూడు వేసి బాగా కలిపాకే చివర్న బైకార్బొనేట్ వేయాలి. కాల్షియం స్టాకునూ బైకార్బొనేట్ స్టాకునూ పలచన చేయకుండా ఒకే గిన్నెలో పోస్తే తెల్లగా విరిగి సుద్ద అడుక్కి దిగుతుంది. అప్పుడు నీళ్లలో కాల్షియం ఉందనుకుంటాం, ఉండదు. కాల్షియం తగ్గితే హైడ్రా కణాలు ఒకదాన్నొకటి పట్టుకోలేవు, గాయం మూసుకోవడం ఆలస్యమవుతుంది. కాల్షియం క్లోరైడ్ గాలిలో తేమ పీల్చి ముద్దవుతుంది. డబ్బా మూత సరిగ్గా లేకపోతే 14.7 గ్రాములు తూచినా అందులో సగం నీళ్లే ఉండొచ్చు. పలుకులుగా, పొడిగా ఉన్న సరుకే తీసుకోవాలి.

గాజు సామాను సబ్బుతో కడగకూడదు. వేడినీళ్లు, బ్రష్షు, ఆఖరున డిస్టిల్డ్ వాటర్. అంతకుముందు కాపర్ సల్ఫేట్ పోసిన బీకర్లను ఈ పనికి అసలు ముట్టుకోవద్దు. హైడ్రా సామానంతా వేరే అరలో పెట్టి మీద పేరు రాసి పెట్టాం, కెమిస్ట్రీ వాళ్లు ఎత్తుకుపోకుండా.

నవంబరు రెండో వారం: పట్టడం

పానగల్లు ఉదయసముద్రం అంచున నీరు కదలని చోటు చూసుకున్నాం. సాగర్ నీళ్లు కాల్వ ద్వారా వచ్చి నిలిచే చెరువు అది. వరి మళ్ల నీరు దిగే తూముల దగ్గర పట్టొద్దు, మందు కొట్టిన నీళ్లు కలుస్తాయి. హైడ్రా నీళ్లలో వలకు పడేది కాదు. అంతరతామర వేళ్లకు, తామరాకుల అడుగున, నాచు కాడలకు అతుక్కుని ఉంటుంది. నీళ్లలోంచి తీయగానే ముడుచుకుని చిన్న జిగురు చుక్కలా మారుతుంది, చూసినా ఆనవాలు పట్టలేం. అందుకే అక్కడ వెతక్కుండా మొక్కలను చెరువు నీళ్లతో సహా వెడల్పాటి గాజు సీసాల్లో వేసుకుని తేవాలి.

ల్యాబులో కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట, రాత్రంతా కదపకుండా పెట్టాలి. పొద్దున టార్చి పక్కనుంచి వేస్తే వెలుతురు వచ్చే వైపు గాజుకు అతుక్కుని అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు పొడవున వేలాడుతూ కనిపిస్తాయి. సందేహం ఉంటే సూదితో తాకండి. స్పర్శకాలతో సహా లోపలికి ముడుచుకుని, కాసేపటికి మళ్లీ మెల్లగా సాగితే అది హైడ్రా. తాకగానే స్ప్రింగులా చుట్టుకుపోయేది వర్టిసెల్లా అనే ఏకకణ జీవి, అసలు కదలనిది నత్త గుడ్ల జిగురు.

డ్రాపర్‌తో పాదం దగ్గర నీళ్లు చిమ్మి ఊడదీయాలి. లాగిన వెంటనే గిన్నెలోకి వదిలేయాలి. ఆలస్యమైతే డ్రాపర్ లోపలే అతుక్కుంటుంది, అప్పుడు దులిపినా రాదు.

వచ్చిన ప్రతి హైడ్రానూ సూక్ష్మదర్శిని కింద చూడాలి. ఒంటి మీద చకచకా పాకే సీలియేట్‌లు (కెరోనా అనే చిన్న ఏకకణ జీవులు) ఉంటే నాలుగైదు గిన్నెల మంచి నీళ్లలోకి మార్చి కడిగితే తగ్గుతాయి. పైచర్మాన్ని తినే అమీబాలు కనిపిస్తే ఆ గిన్నె మొత్తం పారబోయాలి, కాపాడదామనుకుంటే మిగతావాటికీ అంటుతుంది.

అన్నిటినీ కలిపి పెంచలేదు. మొగ్గ (ఒంటి పక్క నుంచి మొలిచే పిల్ల హైడ్రా) తొడుగుతున్న ఒక బలమైన హైడ్రాను ఏరి, దాని సంతతినే పెంచాం. మొగ్గలతో పుట్టినవన్నీ ఒకే జన్యువులవి. కాబట్టి రేపు రెండు ముక్కలు రెండు రకాలుగా ప్రవర్తిస్తే, జీవుల మధ్య తేడా అని తప్పించుకోవడానికి ఉండదు.

మేత

ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి రొయ్యజాతి జీవి పిల్లలే నమ్మకమైన మేత. గుడ్లు హైదరాబాదులో అక్వేరియం దుకాణాల్లో దొరుకుతాయి. లీటరు నీటికి 25 గ్రాముల అయోడిన్ కలపని దొడ్డుప్పు. అర లీటరులో పావు చెంచా గుడ్లు వేసి, గాలి పంపు పెట్టి, 26 నుంచి 28 డిగ్రీల్లో వెలుతురులో ఉంచితే 24 నుంచి 36 గంటల్లో పొదుగుతాయి. పంపు ఆపి, సీసా చుట్టూ నల్ల కాగితం చుట్టి, కింద ఒక మూల టార్చి వేస్తే డొల్లలు పైకి తేలి, నారింజ రంగు పిల్లలు వెలుగు దగ్గర గుమిగూడతాయి. సన్నని గుడ్డలో వడగట్టి హైడ్రా నీళ్లతో రెండుసార్లు కడగాలి. ఉప్పు మిగిలితే హైడ్రా తట్టుకోదు. కరెంటు పోయి పంపు ఆగితే పిల్లలు ఊపిరాడక చస్తాయి. చచ్చినవాటిని హైడ్రా తినదు, నీళ్లు మాత్రం చెడగొడతాయి.

వారానికి మూడుసార్లు మేత. వేసిన గంటకు మిగిలినది తీసేయాలి, ఐదారు గంటలయ్యాక మరోసారి నీళ్లు మార్చాలి. హైడ్రాకు మలద్వారం వేరే లేదు, అరగనిది నోటి నుంచే కక్కుతుంది. ఈ రెండో మార్పు బద్ధకించినప్పుడే గిన్నెలో అమోనియా పెరుగుతుంది.

నీళ్లు చెడ్డాయని హైడ్రా చెప్పే తీరు ఒక వరసలో ఉంటుంది. ముందు స్పర్శకాల కొసలు గుండీల్లా ఉబ్బుతాయి. తర్వాత స్పర్శకాలు కురచవుతాయి. ఈ రెండు దశల్లో పట్టుకుని కొత్త నీళ్లలోకి మారిస్తే కోలుకుంటుంది. ఆ తర్వాత స్పర్శకాలు పోయి ఒళ్లు కుదించుకుని తులిప్ మొగ్గలా తయారవుతుంది. అక్కడికి వచ్చాక వెనక్కి రాదు, కరిగిపోతుంది. రోజూ పొద్దున మొట్టమొదట చూడాల్సింది ఈ కొసలనే.

డిసెంబరు: కోత

ఉష్ణోగ్రత 20 డిగ్రీల చుట్టూ ఉన్న రోజులు ఇక్కడ డిసెంబరు, జనవరి నెలల్లోనే దొరుకుతాయి. ఏసీ లేని ల్యాబుకు అదే సీజను.

కోసే హైడ్రాకు మొగ్గలు ఉండకూడదు, 24 గంటలు మేత ఆపి ఉండాలి. మేసిన హైడ్రాను కోస్తే కడుపులో సగం అరిగిన ఆర్టీమియా బయటికొచ్చి గాయం దగ్గర బాక్టీరియా పడుతుంది. మొగ్గ ఉంటే లెక్కే గందరగోళం: ఏది కొత్త తల, ఏది మొగ్గ తల?

ప్లాస్టిక్ పెట్రీ డిష్‌లో రెండు మూడు చుక్కల నీళ్లు, అందులో హైడ్రా. పూర్తిగా సాగేదాకా ఆగాలి. ముడుచుకున్నప్పుడు నడిమికి కోశామనుకుంటే కోత ఎక్కడో పడుతుంది. 11 నంబరు సర్జికల్ బ్లేడు, కొత్తది. పైనుంచి ఒక్క నొక్కు, అంతే. రంపంలా లాగితే పొరలు నలిగి గాయం ఎగుడుదిగుడవుతుంది, అలాంటి ముక్క ఆలస్యంగా మానుతుంది, కొన్నిసార్లు రెండు తలలు వేస్తుంది. ఒక్కో ముక్క ఒక్కో గుంటలో, 24 గుంటల ప్లేటులో, గుంటకు 1 మి.లీ. నీళ్లు. ప్లేటు అడుగున గ్రాఫ్ కాగితం. మేత లేదు.

నాలుగు రకాల కోతలు పెట్టాం: స్పర్శకాల కిందనే తల తీసేయడం, నడిమికి రెండు ముక్కలు, తలా పాదమూ తీసేసి మధ్య ముక్క, స్పర్శకం ఒక్కటే.

కోత తర్వాత

మొదటి కొన్ని గంటలు: తెగిన కొస ముడుచుకుని మూసుకుపోతుంది. ఇందుకు కొత్త కణాలు అక్కర్లేదు, రెండు పొరలూ సాగి అంచులు కలుస్తాయి. మధ్య ముక్క రెండు చివర్లా మూసుకుని గుండ్రటి బోలు బంతి అవుతుంది. ఈ బంతిని తొందరపడి పారేయొద్దు. మంచినీళ్లు లోపలికి ఊరి అది మెల్లగా ఉబ్బుతూ పోతుంది, ఒక దశలో గోడ చిన్నగా చిట్లి నీళ్లు చిమ్మి ఒక్కసారిగా కుంగుతుంది, చిల్లు మూసుకుని మళ్లీ ఉబ్బడం మొదలెడుతుంది. ఫోను కెమెరాను సూక్ష్మదర్శిని ఐపీస్‌కు బిగించి అయిదు నిమిషాలకో ఫొటో తీస్తే ఈ ఊపిరి స్పష్టంగా దొరుకుతుంది. నోరు ఏర్పడ్డాక నీళ్లు అక్కడినుంచే పోతాయి కాబట్టి ఉబ్బు అంతెత్తు పెరగదు. స్పర్శకాలు కనబడక ముందే తల తయారవుతోందని చెప్పే మంచి గుర్తు ఇది.

24 గంటలు: పై సగానికి పాదం వచ్చే సూచన ముందు కనిపిస్తుంది. దాని కింది కొస గుంట అడుగుకు జిగురుగా అంటుకోవడం మొదలవుతుంది. డ్రాపర్‌తో మెల్లగా నీళ్లు చిమ్మినా కదలకపోతే పాదం వచ్చినట్టే. కింది సగానికి పైకొస ఇంకా మొండిగా, కాస్త పాలిపోయి ఉంటుంది.

36 నుంచి 48 గంటలు: మొండి చుట్టూ చిన్న బొడిపెలు. అవే స్పర్శకాలు. మొదట నాలుగో అయిదో వస్తాయి, అసలు హైడ్రాకు ఆరు ఉన్నా సరే. మిగతావి తర్వాత.

72 గంటలు: ఆర్టీమియా వేస్తే పట్టుకుని మింగాలి. మింగితేనే తల వచ్చిందని రాసుకోవాలి. స్పర్శకాలు కనిపించగానే టిక్కు పెట్టేస్తే లెక్క తప్పుతుంది, కొన్నింటికి స్పర్శకాలు వచ్చినా నోరు తెరుచుకోవడానికి మరికొంత సేపు పడుతుంది. ఎర కుట్లకు గాయపడి వదిలే గ్లూటాథయోన్ అనే రసాయనానికి హైడ్రా నోరు తెరుస్తుందని లూమిస్ 1955లో చూపాడు. బతికున్న ఎరే వేయడానికి కారణం అదే.

తలకు దగ్గరగా కోసిన ముక్కలకు తల త్వరగా వచ్చింది, పాదానికి దగ్గర కోసినవాటికి ఆలస్యమైంది. ఒంటి పొడవునా తల తయారయ్యే శక్తి పైనుంచి కిందికి తగ్గుతూ ఉంటుందన్నది హైడ్రా మీద పాత నిర్ధారణ, ఇక్కడా అదే కనిపించింది. స్పర్శకం ముక్క ఏమీ కాలేదు. రెండు మూడు రోజులు కదిలి కరిగింది. స్పర్శకంలోని కణాలు ఇక విభజన చెందనివి, వెనక్కి మారలేనివి. అందులోంచి హైడ్రా రాదు. ఈ గుంట కంట్రోలుగా, అంటే పోలిక కోసం, తప్పనిసరి, లేకపోతే ‘హైడ్రాలో ఏ ముక్కైనా హైడ్రా అవుతుంది’ అన్న మాట రిపోర్టులోకి ఎక్కేస్తుంది.

జనవరి: కొలతలు, ప్రశ్నకు జవాబు

హైడ్రా పొడవు కొలవడం తలనొప్పి. అదే హైడ్రా నిమిషంలో మూడింతలు సాగుతుంది, ముడుచుకుంటుంది. ఒక్కో ముక్కకు వరసగా పది ఫొటోలు తీసి వాటిలో అన్నిటికంటే పొడవున్నదే లెక్కలోకి తీసుకున్నాం. సగటు తీస్తే అర్థంలేని అంకె వస్తుంది.

తేలింది ఇది: సగం ముక్క పూర్తి హైడ్రా అయింది గానీ పెద్దది కాలేదు. తల, నడుము, పాదం అన్నీ ఉన్న చిన్న హైడ్రా అయింది. మేత లేకుండా, ఉన్న సరుకుతోనే తిరిగి కుదురుకుంది. అంటే ప్రశ్నలో రెండో దారి. మళ్లీ మేత మొదలెట్టాక మాత్రమే పొడవు పెరిగింది.

అలాగని కణాలేమీ చేయవనుకోకండి. నడిమికి కోసినప్పుడు, తల రావాల్సిన కొసలో కొన్ని కణాలు గంటలోపే చనిపోయి వింట్3 అనే సంకేతాన్ని విడుస్తాయని, అది పక్క కణాలను విభజనకు పురిగొల్పుతుందని 2009లో వచ్చిన పరిశోధన చూపింది. పాదం వచ్చే కొసలో ఆ మరణాలు అలా ఉండవు. తలకు ఆనుకుని కోసినప్పుడూ ఉండవు. కోత ఎక్కడ పడిందన్నదాన్ని బట్టి దారి మారుతుంది. అందుకే ప్లేటు మీద కోత చోటును బొమ్మగా గీసి పెట్టడం అలంకారం కోసం కాదు, అది లేకపోతే ఫలితాలను పోల్చలేం.

నాడీకణాలు తీసేసినా, చేత్తో మేత పెట్టి బతికిస్తే, హైడ్రా తల తెచ్చుకోగలదని 1970లలోనే చూపించారు. ఆజ్ఞ నాడుల నుంచి రావడం లేదు, పొరల కణాలే ఇస్తున్నాయి.

చూడాల్సిన పాత ప్రయోగాలు రెండు. స్విస్ ప్రకృతి శాస్త్రవేత్త ట్రెంబ్లే 1740లో హాలండ్‌లో హైడ్రాలను కోయడం మొదలుపెట్టి, తలను నిలువునా చీలుస్తూ ఏడు తలల హైడ్రాను తయారుచేశాడు, 1744లో అచ్చువేశాడు. ఎథెల్ బ్రౌన్ 1909లో ఒక హైడ్రా నోటి ముక్కను మరోదాని నడుముకు అతికించింది. అక్కడ రెండో హైడ్రా మొలిచింది, అదీ ఎక్కువగా ఆతిథ్యమిచ్చిన ఒంటి కణాలతోనే. ఇలా చుట్టూ ఉన్న కణాలను మలిచే ముక్కనే ‘ఆర్గనైజర్’ అంటారు. స్పెమాన్, మాంగోల్డ్‌లు ఉభయచరాల మీద చేసిన ఇలాంటి ప్రయోగం 1924 నాటిది. ‘ఆర్గనైజర్’ అనగానే వాళ్ల పేర్లే రాస్తాం, బ్రౌన్ పేరు మన సిలబస్‌లో ఒక్క లైను కూడా లేదు.

జెల్లీఫిష్‌తో పోలిక, పోస్టరు కోసం

మూన్ జెల్లీ, అంటే ఆరీలియా, పిల్ల దశ ఎఫిరాకు ఎనిమిది చేతులు. వాటిలో కొన్ని కోస్తే, మిగిలినవి కదిలి సర్దుకుని మళ్లీ సమాన దూరాల్లో నిలుస్తాయి. కొత్త చేతులు రావు. కండరాల కదలికే వాటిని నెట్టి సర్దుతుందని 2015లో అమెరికాలోని కాల్టెక్ బృందం చెప్పింది. అదే బృందం 2021లో, మేత ఎక్కువ పెట్టి, లూసిన్ అనే అమైనో ఆమ్లం, ఇన్సులిన్ ఇస్తే కొన్ని ఎఫిరాలు కోసిన చేతిని కొంతమేర తిరిగి పెంచుకుంటాయని చూపింది. హైడ్రాను పస్తు పెట్టి చేసే మన పద్ధతికి ఇది సరిగ్గా ఎదురు, పోస్టరులో పక్కపక్కన పెట్టాలి.

క్లాడోనీమా ఇంకో దారి. సెంటీమీటరు లోపు జెల్లీఫిష్, తెగిన స్పర్శకాన్ని రెండు మూడు రోజుల్లో తెచ్చుకుంటుంది. 2023లో జపాన్ పరిశోధకులు చూసినదాని ప్రకారం గాయం దగ్గర విభజన చెందే కణాల ముద్ద, బ్లాస్టీమా, తయారవుతుంది. ఆ కణాలు స్పర్శకం మొదట్లో ఎప్పుడూ ఉండే మూలకణాల నుంచి వచ్చినవి కావు, మరమ్మతు కోసమే గాయం దగ్గర పుట్టుకొచ్చినవి. ఇది మొదటి దారి. హైడ్రా స్పర్శకం ముక్క చచ్చిపోతుంది, క్లాడోనీమా స్పర్శకం మొదలు నుంచి కొత్తది మొలుస్తుంది. రెండూ నిడేరియాలే. క్లైటియా అనే మరో జెల్లీఫిష్ నోటిగొట్టాన్ని కోస్తే నాలుగు రోజుల్లో తిరిగొస్తుంది, అందులో సర్దుకోవడమూ ఉంది, విభజనా ఉంది.

పోస్టరు మీద ‘జెల్లీఫిష్ పోయిన భాగాన్ని ఇలా తిరిగి తెచ్చుకుంటుంది’ అని ఒకే బాణం గీయకూడదని నిర్ణయం.

ఫిబ్రవరి చివర: ఎండ

మధ్యాహ్నం గది 30 దాటుతోంది. 25 దగ్గర తల కాస్త త్వరగా వస్తుంది గానీ 30 దాటితే ఒళ్లు కుదించుకుని మొగ్గలు ఆగిపోతాయి. పెంచుతున్న హైడ్రాల గిన్నెలను థర్మోకోల్ పెట్టెలోకి మార్చాం. రెండు లీటర్ల బాటిల్‌లో నీళ్లు గడ్డకట్టించి పెట్టెలో ఒక మూల పెట్టి, గిన్నెలకు తగలకుండా మధ్యలో అట్ట అడ్డం. తగిలితే ఆ వైపు నీళ్లు మరీ చల్లబడి, బాటిల్ మార్చినప్పుడల్లా ఉష్ణోగ్రత ఊగిసలాడుతుంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి మారిస్తే సరిపోతోంది. పెద్ద రంజన్‌లో తడి ఇసుక పోసి అందులో సీసాలు దించడం కూడా గాలి పొడిగా ఉన్నంత కాలం పనిచేస్తుంది, మబ్బు పట్టి ఉక్కపోసిన రోజు రంజన్ వల్ల లాభం లేదు.

మిగిలిన పని: ముక్క ఎంత చిన్నదైతే ఆగిపోతుందో చూడటం. సుమారు 300 ఎపిథీలియల్ (ఒంటి పొరల) కణాలకంటే తగ్గితే హైడ్రా రాదని ప్రచురిత లెక్క. మధ్య ముక్కను ఉంగరంలా కోసి, ఉంగరాన్ని నాలుగు, ఎనిమిది పలుకులుగా చేయాలి. చిన్న పలుకులు నీటి ఉపరితలానికి తగిలితే అక్కడే అతుక్కుని చిరిగిపోతాయి, కాబట్టి గుంటకు 1 మి.లీ. బదులు 2 మి.లీ. పోసి అడుగునే ఉంచాలి. పాత ఆర్టీమియా ఉప్పునీళ్లు చెరువులో కలపకుండా సింకులోనే పోయాలి.